ఈ పని ఎవరి చేతిలో ఉంది?

ఒక పెన్ను, కాగితం పక్కన పెట్టుకుని వినండి. మధ్యమధ్యలో కొన్ని ఫోను నంబర్లు చెబుతాను. రాయడం రానివాళ్ళు ఇంట్లో చదువుకునే పిల్లల్ని ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదట ఒక ఇంటిని ఊహించుకుందాం. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రం వైపు పోతే వచ్చే పట్టపుపాళేల్లో ఏదో ఒకటి అనుకోండి. ఇంటాయన పడవ మీద వేటకు పోతాడు. వచ్చిన డబ్బు తాగుతాడు, అడిగితే కొడతాడు. అత్తకు పక్షవాతం వచ్చి మంచాన పడి ఏడాదయింది. పన్నెండేళ్ళ కొడుకు బడి మానేసి రొయ్యల గుంటల కాడికి కూలికి పోతున్నాడు. ఆ ఇల్లాలికి రాత్రుళ్ళు నిద్ర పట్టదు. ఎందుకు బతకాలి అన్న ఆలోచన కూడా అప్పుడప్పుడూ వస్తోంది.

ఆమెకు ఇదంతా ఒకటే బతుకు, ఒకటే బాధ. ప్రభుత్వం లెక్కలో అయితే ఇవి నాలుగైదు శాఖల పనులు. కొట్టడం ఒక శాఖ, అత్త పింఛను ఒక శాఖ, పిల్లవాడి కూలిపని ఇంకో శాఖ, నిద్ర పట్టకపోవడం ఆసుపత్రి పని. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని ఆమె బస్సెక్కి నెల్లూరు వస్తుంది. ఒక ఆఫీసులో "ఇది మా సెక్షన్ కాదమ్మా" అంటారు. రెండో చోట "సారు క్యాంపుకెళ్ళారు, సోమవారం రా" అంటారు. మూడో చోట ఒక జిరాక్సు తక్కువైందంటారు. సాయంత్రానికి చేతిలో మిగిలేది బస్సు టికెట్టు, పోయేది ఒక రోజు కూలి. ఇలా రెండు మూడుసార్లు తిరిగాక ఎవరైనా ఊరుకుంటారు. ఆమె ఊరుకున్నదని ఆ సమస్య తీరినట్టు లెక్కలో పడిపోతుంది.

నెల్లూరులో ఆమెకు సాయం చేయాల్సిన గడపలు చాలానే ఉన్నాయి. ఒక గడప నుంచి ఇంకో గడపకు ఆమెతో కలిసి నడిచే మనిషే కరువు. ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు, దొరికాక ఏం అడగాలి అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

సంఘసేవా రంగంలో ఆ మనిషికి కేస్ వర్కర్ అని పేరు. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ అనే ఆమె 1917లో ఈ పని ఎలా చేయాలో ఒక పెద్ద పుస్తకం రాసింది. పేదవాడికి నాలుగు డబ్బులిచ్చి పంపేస్తే సాయం చేసినట్టు కాదు, ఆ ఇంటి పరిస్థితి అంతా కనుక్కుని, రాసుకుని, అప్పుడు దారి చూపించాలి అని ఆమె వాదన. మన దేశంలో ఈ పని నేర్పే చదువు కోసం 1936లో బొంబాయిలో టాటాల విద్యాసంస్థ మొదలైంది. చదువు పెద్దదే కానీ పని సారం సులువుగా చెప్పుకోవచ్చు. మొదట మాటకు అడ్డం రాకుండా వినాలి. విన్నది రాయాలి. ఏ బాధకు ఏ ఆఫీసో విడదీయాలి. అవసరమైన చోటికి తోడు వెళ్ళాలి. ఆ తరవాత పని ఎంతవరకు వచ్చిందో మళ్ళీ మళ్ళీ కనుక్కోవాలి, అది తేలేదాకా వదలకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. మన ఆఫీసుల్లో ఎక్కువగా తెగిపోయేది కూడా ఇక్కడే.

ఇలా వెంట ఉండే మనుషులు నెల్లూరు గడ్డకు కొత్త కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఆ ఆశ్రమానికి అండగా నిలిచిన పొణకా కనకమ్మ 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. వెన్నెలకంటి రాఘవయ్య యానాది గిరిజనుల మధ్య జీవితమంతా పనిచేశారు. ఆ రోజుల్లో పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్థులని ముద్రవేసే చట్టం ఉండేది. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్పలో యానాదులను సెటిల్‌మెంటు పేరుతో కాపలా కింద పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది. దాని మీద పోరాడినవాళ్ళలో రాఘవయ్య ఒకరు. యానాదుల జీవితం మీద ఆయన పుస్తకం కూడా రాశారు. ఊరికే జాలిపడి వచ్చినవాడు అంత వివరంగా రాయలేడు. గుడిసె గుడిసెకూ తిరిగి విన్నవాడే రాయగలడు.

1990ల మొదట్లో మన జిల్లా దూబగుంటలో జరిగింది కూడా గుర్తు చేసుకోవాలి. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిపూట ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చున్నారు. అక్షరాలతో పాటు ఇంటి సంగతులు బయటికి వచ్చాయి. ప్రతి ఇంట్లోనూ సారానే ముద్దాయి అని తేలింది. ఆ ఊరి రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చినంతకాలం అది వాళ్ళ తలరాత. నలుగురూ ఒకచోట కూర్చుని చెప్పుకున్నాక అది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన విషయమైంది.

ఇక ఈనాటి గడపల సంగతి. మనం అనుకున్న ఆ ఇల్లాలినే వెంటబెట్టుకుని వరసగా చూద్దాం.

మొదటిది దెబ్బల సంగతి. ఆడవాళ్ళ సహాయానికి నంబరు 181. ప్రాణం మీదికి వస్తే 112కు చేయాలి, పోలీసులు వస్తారు. 181కి ఫోను చేస్తే మొగుడి మీద కేసు పెట్టినట్టేనేమో అని చాలామంది భయపడతారు. అదేం లేదు. కేసు పెట్టాలా వద్దా అని తేల్చుకోకముందే చేయవచ్చు, సలహా అడగవచ్చు. దీనికి అనుబంధంగా జిల్లా కేంద్రంలో సఖి వన్ స్టాప్ సెంటరు ఉంటుంది. 2015 నుంచి దేశమంతటా జిల్లాకొకటి చొప్పున పెడుతూ వచ్చారు. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగు, కొద్ది రోజులు తలదాచుకునే చోటు, ఇవన్నీ ఒకే కప్పు కింద ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అక్కడ కేస్ వర్కరు అనే ఉద్యోగమే ఉంది. అంటే నేను ఇందాకటి నుంచి చెబుతున్న ఆ మనిషి అక్కడ జీతం తీసుకుని పనిచేస్తుంటారు. ఎంతకాలమైనా అక్కడే ఉండనివ్వరు, సాధారణంగా ఐదు రోజులు. ఆపైన ఉండాల్సి వస్తే వేరే ఆశ్రయ గృహానికి పంపుతారు.

గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది. దాని కింద రక్షణాధికారి అని ఒకరుంటారు. జరిగిన హింస మీద ఆయన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఆ చట్టంలోనే ఉంది. అన్ని కేసులూ అలా తేలుతున్నాయని నేను చెప్పను. కానీ ఈ గడువు సంగతి మనకు తెలిస్తే అడగడానికి నోరు లేస్తుంది. కొట్టవద్దని ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, ఇవన్నీ ఈ చట్టం కింద అడగవచ్చు. విడాకులు తీసుకోవాలన్న నియమం లేదు.

రెండోది తాగుడు. తాగుడు, మత్తుమందుల అలవాటు మాన్పించే సలహాకు 14446 అనే నంబరుంది. దర్గామిట్టలోని పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో కూడా చూపించవచ్చు. తాగుడు ఒక జబ్బు, దానికి మందు ఉంది. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు వణకడం, ఫిట్స్ రావడం వంటివి ఉంటాయి కాబట్టి డాక్టరు చూస్తూ ఉండగా మాన్పించడం మంచిది.

మూడోది ఆమె మనసు. నిద్ర పట్టకపోవడం, చావు ఆలోచనలు, దిగులు, వీటికి 14416. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ఈ ఫోను చేసినంత మాత్రాన ఎవరూ పిచ్చి అని ముద్ర వేయరు. రొయ్యల ధర పడిపోయి అప్పుల్లో మునిగిన రైతులు, పరీక్ష పోయిన పిల్లలు, పురుడు పోసుకున్న కొత్తలో కారణం తెలియని ఏడుపు వచ్చే తల్లులు, అందరికీ ఇదే నంబరు. ఈ మాట వింటున్నవాళ్ళలో అలాంటి ఆలోచన ఎవరికైనా ఉంటే, ప్రసంగం అయిపోయేదాకా ఆగకండి. ఇప్పుడే చేయండి. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

నాలుగోది మంచాన ఉన్న అత్త. ఊళ్ళో సచివాలయంలో సంక్షేమ సహాయకుడు ఉంటాడు, ఆయన దగ్గర మొదలుపెట్టాలి. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000. చాలా ఇళ్ళలో ఈ తేడా తెలియదు. ముసలామెకు 4,000 వస్తోంది కదా అని ఊరుకుంటారు. పెద్ద పింఛనుకు డాక్టర్లు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. వైకల్య ధ్రువీకరణకు సదరం శిబిరం ఉంటుంది, దానికి తేదీ కూడా సచివాలయంలోనే బుక్ చేయించుకోవాలి. మంచం దిగలేని మనిషిని శిబిరానికి ఎలా తీసుకురావాలి అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాన్ని ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబు చెప్పాల్సింది వాళ్ళు.

ముసలివాళ్ళకు కేంద్ర ప్రభుత్వం సహాయ నంబరు 14567. ఎల్డర్ లైన్ అంటారు. పిల్లలు చూడకపోతే 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. ఇల్లో పొలమో పిల్లలకు రాసిచ్చే పెద్దలకు ఒక మాట. మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతును ఆ దస్తావేజులోనే రాయించండి. చూసుకోకపోతే దాన్ని రద్దు చేయమని అడగడానికి అప్పుడు గట్టి ఆధారం ఉంటుంది.

ఐదోది పిల్లవాడు. పిల్లల సహాయానికి 1098, పది తొంభై ఎనిమిది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం ఎక్కడైనా నేరమే, రొయ్యల గుంటల మీదైనా సరే. ఫోను చేస్తే పిల్లల్ని జైల్లో పెడతారని తల్లిదండ్రులు భయపడతారు. పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునేది జిల్లాలోని బాలల సంక్షేమ సమితి. రక్షించిన పిల్లవాణ్ణి 24 గంటల్లో దాని ముందుకు తీసుకురావాలి. ఆ పిల్లవాడికి ఏం కావాలో విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి. ఇంటికి పంపి బడిలో చేర్చడమే చాలా కేసుల్లో సరైన దారి. తండ్రి చనిపోయిన పేదపిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. దీన్ని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి.

పిల్లల మీద లైంగిక దాడి జరిగిన కేసుల్లో ఇంకొక ఏర్పాటు ఉంది. దర్యాప్తు మొదలు తీర్పు దాకా ఆ పిల్లకు, ఆ ఇంటివాళ్ళకు తోడుగా ఉండటానికి బాలల సంక్షేమ సమితి ఒక సహాయక వ్యక్తిని నియమించవచ్చు. 2020లో వచ్చిన పోక్సో నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక కోర్టు మెట్ల మీద ఒంటరిగా నిలబడుతున్నాయి. అలాంటి కష్టం వస్తే, మాకు సహాయక వ్యక్తిని ఇవ్వండి అని నోరు తెరిచి అడగండి.

ఇక మన తీరానికే ప్రత్యేకమైన కష్టం సముద్రంలో మనిషి కనిపించకుండా పోవడం. పడవ తిరిగి రాకపోతే గంటలు లెక్కే. తీర గస్తీ దళానికి 1554, మెరైన్ పోలీసులకు 1093. శవం దొరికితే మరణ ధ్రువపత్రం వస్తుంది, పరిహారం సంగతి ఒక దారిన పడుతుంది. దొరకకపోతే ఆ భార్య విధవా కాదు, సుమంగళీ కాదు. పింఛను లేదు, బీమా లేదు, బ్యాంకు ఖాతా కదలదు. ఏడేళ్ళు ఎవరికీ కనబడకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని సాధారణ చట్టం. అన్నేళ్ళు ఆ ఇల్లు ఏం తినాలి? అందుకే మొదటి రోజే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించి, నకలు తీసుకోవాలి. పడవలో ఎవరెవరు వెళ్ళారో, ఏ రేవు నుంచి, ఎన్ని గంటలకు వెళ్ళారో తోటివాళ్ళ చేత చెప్పించాలి. మత్స్యశాఖకు కాగితం ఇవ్వాలి. న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి పోయి తొందరగా తేలే దారి ఏదైనా ఉందా అని అడగాలి. ఆ రోజు రాసిన నాలుగు కాగితాలే తరవాత ఆమెకు ఆధారం.

వేట నిషేధం సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ రోజులకు ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు. పేరు జాబితాలో లేదని తెలిస్తే డబ్బు పడ్డాక అడగడం కాదు, జాబితా రాసేటప్పుడే గ్రామ మత్స్య సహాయకుణ్ణి పట్టుకోవాలి.

యానాది కుటుంబాల కష్టం ఇంకొక రకం. మిగతావాళ్ళు కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, వీళ్ళకు ఆ కాగితమే ఉండదు. పుట్టిన తేదీ రాయించలేదు, ఆధార్ లేదు, కుల ధ్రువపత్రం లేదు, గుంటల కాపలా కోసం ఊరూరూ మారడం వల్ల రేషను కార్డు ఒక చోట, మనుషులు ఒక చోట. యానాదుల కోసమే పనిచేసే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నెల్లూరులో ఉంది. అడ్వాన్సు డబ్బు ఇచ్చామంటూ మనిషిని గుంట మీద నుంచి కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976లోనే దాన్ని చట్టం రద్దు చేసింది, ఆ బాకీ కూడా చెల్లదు. ఆర్డీవోకో కలెక్టరుకో ఫిర్యాదు చేస్తే విచారణ జరిపి విడుదల ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం చాలా విలువైనది. పునరావాస సాయం అంతా దాని మీదే ఆధారపడుతుంది. మనుషుల్ని విడిపించి, పత్రం ఇప్పించకుండా పంపేస్తే వాళ్ళు మళ్ళీ ఇంకొక గుంట మీదికే చేరతారు.

ఆసుపత్రిలోనూ దారి చూపే మనిషి ఉంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ఇప్పటికి పేరు ఎన్నోసార్లు మారింది. జనం నోట అదే పేరు ఉండిపోయింది. ఆ పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే వ్యక్తి కూర్చుంటారు. చేరేముందే ఆయన దగ్గరికి పోండి. ఏ జబ్బుకు వర్తిస్తుంది, ఏ కాగితం కావాలి, ఎవరైనా డబ్బు అడిగితే ఏం చేయాలి, అన్నీ ఆయన్నే అడగాలి. వివరాలకు 104. క్షయ మందులు వాడేవాళ్ళకు 2024 నవంబరు నుంచి పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. పడలేదంటే మందులిచ్చే కేంద్రంలోనే అడగండి. హెచ్ఐవీ విషయాలకు 1097. ఆ సమాచారం మీ అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017లో చట్టం వచ్చింది.

ఈ గడపలన్నిటికీ వెనకాల నిలబడేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కోర్టుల ఆవరణలో ఉంటుంది, నంబరు 15100. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, వరద తుపాను బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. అక్కడ పారా లీగల్ వాలంటీర్లు ఉంటారు. దరఖాస్తు రాసిపెట్టడం, ఆఫీసుకు తోడు రావడం వాళ్ళ పనే.

ఇన్ని చెప్పాక మీకు ఒక అనుమానం రావాలి. ఇన్ని ఉంటే ఆ ఇల్లాలు ఎందుకు తిరుగుతోంది? కారణాలు మనందరికీ తెలుసు. సిబ్బంది తక్కువ, ఉన్నవాళ్ళలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు, బదిలీలు ఎక్కువ. ఒక అధికారి పోయి ఇంకొకరు వచ్చేసరికి కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఒక్కో శాఖ తన ముక్క వరకే చూస్తుంది. పనీ చేయరు, ఎవరు చేస్తారో కూడా చెప్పరు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఇందుకే పుట్టిందేమో అనిపిస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దాల్సింది ప్రభుత్వం. ఎన్ని శాఖలున్నా ఒక కుటుంబానికి ఒక పేరు, ఆ పేరుకు ఒక బాధ్యత ఉండాలి. అది అయ్యేదాకా మన చేతిలో ఉన్న ఉపాయాలు కొన్ని చెబుతాను.

ఒకటి. ఏ ఆఫీసు నుంచైనా బయటికి వచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? వాళ్ళు తరవాత చేయాల్సింది ఏమిటి? నేను మళ్ళీ ఎప్పుడు కనుక్కోవాలి? పేరు, హోదా, తేదీ, మూడూ రాసుకోండి. చూద్దాం అన్న మాటను జవాబు కింద తీసుకోకండి.

రెండు. ఇంటికి ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏ ఆఫీసుకు వెళ్ళారు, ఎవరు ఏమన్నారు అన్నీ అందులోనే. కొత్త అధికారి వస్తే ఆ పుస్తకం ముందు పెట్టండి. కథ మళ్ళీ చెప్పే పని తప్పుతుంది.

మూడు. అర్జీ రెండు ప్రతులు రాయించండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్ళే ఇవ్వండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీకి ఒక నంబరు వస్తుంది. అది పారేయవద్దు.

నాలుగు. కాగితాలను ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద గుర్తుందిగా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. పట్టాలే నిలవని నీళ్ళలో చూరులో దోపిన పాసుపుస్తకం ఏం నిలుస్తుంది?

ఐదు. ఇది మా పని కాదు అంటే, ఎవరి పనో ఈ కాగితం మీద రాసివ్వండి అనండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళు రుసుము కట్టక్కర్లేదు.

ఆరు. దళారులకు డబ్బు ఇవ్వకండి. సఖి సేవలు, న్యాయ సహాయం, పింఛను దరఖాస్తు, ఇవాళ నేను చెప్పిన సహాయ నంబర్లు, వీటిలో దేనికీ లంచం కాదు కదా, ఫీజు కూడా లేదు.

చివరిగా, చదువుకున్నవాళ్ళకు, పని జరిగినవాళ్ళకు ఒక విన్నపం. మన స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో రొట్టెల పండగ జరుగుతుంది. ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, ఇలా కోరికకొక రొట్టె. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరి చేతిలో రొట్టె పెడతారు. ఏ మతమని ఎవరూ అడగరు. సాయం కూడా మన ఊళ్ళో అలాగే చేతులు మారాలి. సదరం పత్రం తెచ్చుకున్నవారు ఇంకొక దివ్యాంగుడి ఇంటికి పోయి దారి చెప్పాలి. గృహహింస కేసులో ఉత్తర్వు తెచ్చుకున్న అక్క ఇంకొక చెల్లెలికి తోడుగా కోర్టుకు రావాలి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, డ్వాక్రా సంఘాల నాయకురాళ్ళు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన గుమాస్తాలు, టీచర్లు, మీలో ఒక్కొక్కరూ ఒక్క కుటుంబాన్ని ఎంచుకోండి. వాళ్ళ నోటుపుస్తకం మీరు రాసిపెట్టండి. ఆఫీసుకు వాళ్ళ వెంట పోండి. పక్కన ఇంకొక మనిషి నిలబడితే కౌంటరు అవతల గొంతు మారుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. వాళ్ళు చెప్పిన సంగతులు మీ నోట ఇంకెవరి చెవిన పడకూడదు.

నంబర్లు మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి. ఆడవాళ్ళకు 181. పిల్లలకు 1098. ముసలివాళ్ళకు 14567. మనసు బాగాలేకపోతే 14416. తాగుడు మాన్పించడానికి 14446. ఉచిత న్యాయ సహాయానికి 15100. సముద్రంలో ఆపదకు 1554, 1093. ఏ ఆపదకైనా 112. ఈ కాగితాన్ని ఇంట్లో దాచకండి. ఊళ్ళో చిల్లర కొట్టు గోడ మీద, పడవల రేవు దగ్గర, బడి గేటు మీద అంటించండి. ఏ గడప తొక్కినా ఆ మొదటి ప్రశ్న అడగకుండా వెనక్కి రాకండి: ఈ పని ఎవరి చేతిలో ఉంది?